మిషెల్ వదిలి వెళ్లిన బట్టీ

కరామా, దుబాయ్
మే నెల, ఆదివారం

లచ్చక్కకు, బావకు తమ్ముడు మల్లేశం దండాలు.

ఇక్కడ నా ఒళ్లు బాగుంది. నడుము, కళ్లు, నోరు మూడూ పనిచేస్తున్నాయి, నోరు కొంచెం ఎక్కువ చేస్తోంది. అక్కడ నీ షుగర్ ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా, లేక పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని ఇంకా బీడీలు ఊదుతున్నాడా? బర్రె ఈనిందా? దూడ ఆడదైతే నా పేరు పెట్టవద్దు.

ఫోను ఉండగా ఈ కాగితాలేమిటని తిడతావు. ఫోనులో నేనేం చెప్పినా పరాచికమే అనుకుంటావు కదా. పోయిన నెల ఏడుస్తూ మాట్లాడితే "ఎవల్ని ఆడుకుంటున్నవురా మల్లిగా" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. మా గదిలో ఉండే నిజామాబాద్ గంగారాం సెలవు మీద వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. దారిలో విప్పి చదువుతాడని తెలుసు. చదవనీ. గంగారాం, నువ్వు నిద్రలో పళ్లు కొరుకుతావు.

అక్కా, ఈ ఎండాకాలం రానని చెప్పినందుకు నీకూ మా ఆవిడ సుజాతకూ కోపంగా ఉంది. ఎందుకు రానో మొదటి నుంచి చెబుతాను.

నేను పనిచేసే ఫ్రెంచి రొట్టెల దుకాణం నీకు తెలుసు. అందులో మిషెల్ అని ముసలాయన ఉండేవాడు. రొట్టె చేసేది ఆయనే, నేను చేయికింద మనిషిని. ఆరేళ్లు. నా పేరు నోరు తిరగక "మాలే" అనేవాడు. మొదటి రోజు నేను లోపలికి వెళ్లి "మైదా సంచి ఎక్కడ పెట్టాలి?" అని అడిగితే ఆయన వినిపించనట్టు నిలబడ్డాడు. మళ్లీ అడిగాను. మళ్లీ అంతే. చెవిటివాడనుకున్నాను. మూడోసారి ఆయనే వచ్చి, "మాలే, పెహలే బోంజూర్. బాద్ మే మైదా" అన్నాడు. బోంజూర్ అంటే వాళ్ల నమస్కారం. వాళ్ల దగ్గర పలకరించకుండా పని మాట ఎత్తితే గోడకు చెప్పినట్టే. ఇప్పుడు నాకూ అదే జబ్బు అంటుకుంది. పలకరించకుండా "రెండు రొట్టెలు" అన్నవాడికి నేనూ చెవిటివాణ్ణే.

ఈ దుకాణానికి రాకముందు అజ్మాన్ కూలీల క్యాంపులో పదకొండేళ్లు డబ్బా చేత పట్టుకుని నిలబడి తిన్నాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట కాగానే మిషెల్ పిండి బల్ల తుడిచి, ఉతికిన గుడ్డ పరిచి, రెండు గాజు గ్లాసులు పెట్టి, "కూర్చో" అనేవాడు. సాంబారు అన్నమైనా సరే, గుడ్డ మీదే. పళ్లెంలో ఒకటి అయ్యాకే ఇంకొకటి. మధ్యలో ఫోను ముట్టుకుంటే చెంచాతో వేళ్ల మీద కొట్టేవాడు. తింటూ తిట్టేవాడు: వెన్న బాగాలేదు, ఎండ బాగాలేదు, వాళ్ల దేశంలో సర్కారు బాగాలేదు, మోకాళ్లు బాగాలేవు. మొదట్లో పాపం ఈయనకు ఎన్ని కష్టాలో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది వాళ్ల సంతోషం. బావను అక్కడ దింపితే నెలలో సర్పంచి అవుతాడు.

వాళ్ల జున్నులు ఉంటాయక్కా, చీజ్ అంటారు, పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. ఒక ముక్క కాగితంలో చుట్టి గంగారాం దిండు కింద పెట్టాను. పొద్దున్నే గదంతా మంచాల కింద వెతుకుతున్నారు. "అన్నా, ఎలుక సచ్చినట్టుంది" అంటాడు గంగారాం. "సావలే, పండింది" అని తీసి నోట్లో వేసుకున్నాను. నాలుగు రోజులు నా గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు.

మిషెల్ చెల్లెలు కొలెత్ ఒక చలికాలంలో వచ్చింది. అరవై ఏళ్ల పెద్దమనిషి. దుకాణంలోకి వస్తూనే నా బుగ్గకు తన బుగ్గ ఆనించి ఇటొక ముద్దు అటొక ముద్దు గాలిలో పెట్టింది. వాళ్లకు అది మన దండం లాంటిది. నేను బియ్యం బస్తాలా బిగుసుకుపోయాను. సుజాతకు వేరే ఉత్తరం రాశాను, అందులో ఈ సంగతి లేదు.

పని తగ్గినప్పుడు మిషెల్ ఫోనులో తన ఊరు చూపించేవాడు. చిన్న ఏరు, రాతి వంతెన, చెట్ల కింద ముసలివాళ్లు ఇనుప గుండ్లు దొర్లించి ఆడుతుంటారు. ఎవరి గుండు దగ్గరగా పడిందని గంటసేపు కొట్లాడుకుంటారు. ఎన్నిసార్లు చూశానో. ఆ సందులన్నీ నాకు తెలుసు, కళ్లకు గుడ్డ కట్టి దింపినా ఆయన ఇంటికి పోగలను. ఇక్కడ అందరికీ సొంత ఊరి మీద బెంగ. నేను కాలు పెట్టని ఊరి మీద బెంగపెట్టుకున్నాను. నీకు తప్ప ఎవరికి చెప్పినా నవ్వుతారు.

ఈ మార్చిలో మిషెల్ చెప్పాడు, మోకాళ్లు ఇక నిలబడవు, ఏప్రిల్ చివర వెళ్లిపోతానని. ఆయన వెళ్తే బట్టీ ఎవరిది? ముదీర్, అదే మా మేనేజరు, ఫ్యాక్టరీలో చేసి గడ్డకట్టించిన రొట్టెలు డబ్బాల్లో తెప్పిద్దామన్నాడు. నేను డబ్బా కోసి వేడిచేస్తే చాలునట. మిషెల్ ఒప్పుకోలేదు. "మాలే చేస్తాడు. ఒక రోజు ఇద్దరం చేస్తాం. తిని చూడండి, నాదానికి దీటుగా ఉంటే బట్టీ మాలేది" అన్నాడు. ముదీర్ హైదరాబాదు మనిషి, పనిమంతుడు, కాని నేనంటే గిట్టదు. పోయిన ఏడాది ఆయన టీలో ఉప్పు పడింది, ఎలా పడిందో నాకూ తెలియదు. అయినా సరేనన్నాడు. కఫీల్, అదే దుకాణం యజమాని, కూడా వస్తానన్నాడు. పందెం రోజు ఏప్రిల్ ఒకటి.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఫ్రెంచివాళ్లకు ఆ రోజు ఒక ఆచారం ఉంది. కాగితంతో చేప కత్తిరించి, ఎదుటివాడికి తెలియకుండా వీపుకు అంటిస్తారు. పిల్లలు, పెద్దలు, టీచర్లు, ఎవరూ మినహాయింపు కాదు. పట్టుబడినవాడు కూడా నవ్వాలి. నా కోసం ఒక దేశం పండుగ చేస్తుందని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. ఏటా నేనూ మిషెల్ ఒకరి వీపుకొకరం అంటించుకునేవాళ్లం.

ఆ పొద్దున ఆయన రొట్టెల బుట్ట మీద నీలం గుడ్డ, నా బుట్ట మీద తెల్ల గుడ్డ, అది ముదీర్‌కూ తెలుసు. ఎవరూ చూడకుండా గుడ్డలు మార్చేశాను. ముదీర్ వచ్చాడు, కఫీల్ వచ్చాడు. ముదీర్ నీలం గుడ్డ తీసి విరిచి తిన్నాడు. కళ్లు మూసుకుని, "వాహ్. ఇది రొట్టె. ఇది పనితనం" అన్నాడు. అది నాది. తర్వాత తెల్ల గుడ్డ తీసి కొరికి మొహం ముడిచాడు. "ఇదేంది మియా, రబ్బరు చెప్పు నమిలినట్టుంది." అది మిషెల్‌ది.

ఆగలేకపోయానక్కా. "సాబ్, గుడ్డలు మార్చిన" అన్నాను. "మీరు మెచ్చింది నాది, చెప్పు అన్నది ఆయనది." అని ఊరుకున్నానా, ముదీర్‌ను భుజం పట్టి కఫీల్ వైపు వీపు తిప్పాను. వీపు మీద నేను ముందే అంటించిన జానెడు చేప, తోకకు రంగు కూడా వేశాను. కఫీల్ పగలబడి నవ్వాడు. మిషెల్ అయితే పిండి సంచి మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. ముదీర్ నవ్వలేదు. చేప పీకి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "యల్లా, ఖలాస్, అయిపాయె. మే నుంచి డబ్బాలే" అన్నాడు. కఫీల్ కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. దుకాణం నడిపేది ముదీర్ కదా.

గెలిచాను. గెలిచిన చోటే పోగొట్టుకున్నాను. గుడ్డల సంగతి కఫీల్ ముందు కాక, తర్వాత చాటుగా చెప్పి ఉంటే బట్టీ నాది.

అన్నిటినీ తిట్టే మిషెల్ నన్ను మాత్రం తిట్టలేదు. వెళ్లే రోజు ఒక గాజు సీసా చేతిలో పెట్టాడు. పెరుగుకు తోడు ఉంచుకున్నట్టు, ఆయన రోజూ కొంచెం మిగిల్చిన పులిసిన పిండి. "రోజూ పెట్టు తిండి" అన్నాడు, అంటే కొంచెం కొత్త పిండి, నీళ్లు. విమానాశ్రయంలో బుగ్గకు బుగ్గ ఆనించాడు. ఈసారి నేను బిగుసుకోలేదు. నీకు ఏడుస్తూ ఫోను చేసింది ఆ రోజే.

మరునాటి నుంచి డబ్బాలు. కోసి, పేర్చి, మీట నొక్కడం. ఒంటిగంటకు గుడ్డ పరుచుకుని కూర్చున్నాను, ఒక్కణ్ణి. రెండో గ్లాసు తీసి లోపల పెట్టేశాను.

పది రోజులు చూసి ముదీర్ గదికి వెళ్లాను. "సాబ్, నలుగురిలో మీ మొహం చిన్నబుచ్చిన. తప్పు నాది, ఆ ముసలాయనది కాదు. మాఫ్ చేయుండ్రి" అన్నాను. ముదీర్ కాగితాలు చూస్తూనే, "ఇది కూడా పరాచికమేనా?" అన్నాడు.

"కాదు సాబ్. వీపు చూసుకోండ్రి, ఏం లేదు."

నిజంగానే వెనక తడుముకున్నాడు. కాగితాలు పక్కన పెట్టి అన్నాడు, "నా నాలుక రుచి మీద నాకు మస్తు గర్వం ఉండె మల్లేశం. నువ్వు తీసినవ్." నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను వీపు మీద అంటించాననుకున్నాను, ఆయనకు తగిలింది ఇంకెక్కడో. "శుక్రవారం ఒక్క ట్రే చేసుకో" అన్నాడు. "నెల చూస్త. అమ్ముడువోక మిగిలిందంటే మళ్ల అడగకు."

మొన్న మొదటి శుక్రవారం. తెల్లవారుజామున ట్రే బయటికి తీస్తుంటే మిషెల్ ఫోను, పాత అలవాటుకు అక్కడ నడిరాత్రే లేచాడట. వాళ్ల ఊళ్లో రొట్టెల కొట్టు మూసేశారట. వంతెన దగ్గర ఒక మిషను పెట్టారు, మీట నొక్కితే రొట్టె జారిపడుతుందట. తిట్టాడు చాలాసేపు. ఆ తిట్టులో సంతోషం లేదక్కా. తర్వాత, "మాలే, గాతా హై?" అని అడిగాడు, పాడుతోందా అని.

మంచి రొట్టె బట్టీ నుంచి రాగానే చల్లగాలి తగిలి పై పెంకు చిటచిటమని పగులుతుంది. దాన్ని వాళ్లు రొట్టె పాడటం అంటారు. డబ్బాల రొట్టె నాకెప్పుడూ పాడలేదు. నేను ఫోను ట్రే దగ్గర పెట్టాను. పన్నెండు రొట్టెలూ చిటచిటమంటున్నాయి. పాట ఆగిపోయాక కూడా ఆయన ఫోను పెట్టలేదు, నేనూ ట్రే దగ్గర నుంచి తీయలేదు.

ఇంకా మూడు శుక్రవారాలు ఉన్నాయి. నేను సెలవు మీద వస్తే ఆ సీసాకు తిండి పెట్టేవాడు లేడు, ట్రే అడిగేవాడు లేడు. అందుకే రానన్నాను. సుజాతకు నువ్వే నచ్చజెప్పు. నా మాట కంటే నీ మాట వింటుంది.

గంగారాం తిరిగి వచ్చేటప్పుడు రెండు కిలోల జొన్నపిండి పంపు, మన చేను జొన్నలే, మెత్తగా ఆడించు. రొట్టెలో కలిపి చూడమని మిషెల్ ఎప్పుడో అన్నాడు. నీకు నాలుగు చాక్లెట్లు పంపుతున్నాను, నువ్వు తినకూడదు, చూసుకో. పెద్దవ్వకు, పక్కింటి మాస్టారుకు నా నమస్కారాలు. నా తల మీద చెయ్యి పెట్టి దీవించినట్టే అనుకుని, శుక్రవారం పొద్దున ఒకసారి ఈ తమ్ముణ్ణి తలుచుకో.

నీ తమ్ముడు,
మల్లేశం