ఎక్కేవాళ్ళ వైపు గుర్తు

మే 5, ఆదివారం

నిన్న సాయంత్రం గుడిలో ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేశాను. అన్నీ చెప్పాను, ఒక్కటి తప్ప. చెల్లెలి మీద విసుక్కున్నది చెప్పాను. జపమాల తిప్పుతూ వంట గురించి ఆలోచించింది చెప్పాను. ఇంకేమైనా ఉందా అని ఫాదర్ అడిగారు. లేదన్నాను. ఇంటికి వచ్చి బంగాళాదుంపలు ఒలిచాను. ఏమీ అనిపించలేదు. భయమేసింది దానికే. నోటితో రానిది చేత్తోనైనా వస్తుందేమోనని ఈ నోట్‌బుక్ తీశాను. హైస్కూల్ అయ్యాక ఉత్తరాలు తప్ప నేనేమీ రాయలేదు.

విషయం ఇది. రెండు వారాల కిందట, హోహెన్‌లౌబ్ కోట శిథిలాల్లో పడమటి గోడ దగ్గర ఒకావిడ జారి పడింది. హార్మ్స్ గారని, ఉత్తరాది నుంచి ఒంటరిగా మా కొండలు ఎక్కడానికి వచ్చిన రిటైర్డ్ టీచర్. తుంటి ఎముక విరిగింది. ఇక కర్ర లేకుండా నడవలేదట. మూసేసిన దారిలోకి ఆవిడను తీసుకెళ్ళింది చెట్టు మీద దారి గుర్తుగా వేసిన ఒక పసుపు త్రికోణం. దాన్ని చెరపకుండా వదిలేసింది గెబ్‌హార్డ్ అని ఊరంతా అనుకుంటోంది. గెబ్‌హార్డ్ నా భర్త.

వదిలేసింది నేను.

మే 7

మా నడక సంఘంలో దారి గుర్తుల పని ముప్పై ఒక్క ఏళ్ళుగా గెబ్‌హార్డ్‌ది. ఏ చెట్టుకు ఏ ఏడు రంగు వేశాడో నిద్రలో అడిగినా చెబుతాడు.

గత అక్టోబర్‌లో పడమటి గోడ రాళ్ళు కదులుతున్నాయని సంఘం ఆ దారి మూసేసింది. పాత గుర్తులన్నిటి మీదా బూడిద రంగు పూయాలి. గెబ్‌హార్డ్‌కి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. డబ్బా, బ్రష్ తీసుకుని నేను వెళ్ళాను. ప్రతి చెట్టుకూ రెండు వైపులా గుర్తు ఉంటుంది. ఎక్కేవాళ్ళకొకటి, దిగేవాళ్ళకొకటి. నేను పైనుంచి కిందికి చెరుపుకుంటూ వచ్చాను. చివరిది, దారి రెండుగా చీలే చోట ఉన్న బీచ్ చెట్టు. దిగేవాళ్ళ వైపు పూయడం అయింది. అప్పుడే కింద ఎర్లింగెన్ గుడిలో మధ్యాహ్నం పన్నెండింటి గంట మోగడం మొదలైంది. బ్రష్ మూత మీద పెట్టి, ఆ గంటకు చెప్పే త్రికాల జపం చెప్పుకున్నాను. మనసు తేలికైంది. పని అయిపోయిందనుకుని డబ్బా మూత బిగించాను. దిగుతూ వెనక్కి తిరిగి చూడలేదు.

అంతా అయిందని గెబ్‌హార్డ్‌తో చెప్పాను. నా మాట మీద రిపోర్ట్‌లో సంతకం పెట్టాడు. కింద నాటిన హెచ్చరిక పలక చలికాలం గాలికి పడిపోయిందట. అది ఎవరూ చూడలేదు.

పోలీసులు వచ్చినప్పుడు నేను కాఫీ పోస్తున్నాను. నేను నోరు తెరిచేలోపే, నేనే చెరిపాను, ఒకటి వదిలేశాను అన్నాడు గెబ్‌హార్డ్. కాఫీ సాసర్‌లోకి పొర్లింది. తుడిచాను.

మే 9, గురువారం, ఆరోహణ పండుగ

ఈ పండుగకు ఆనవాయితీగా మగవాళ్ళు చేతిబండ్లలో బీరు సీసాలు పెట్టుకుని పాడుకుంటూ కొండెక్కారు. ప్రతి ఏడూ మా గేటు దగ్గర ఆగి, రావయ్యా గెబ్‌హార్డ్, నువ్వు లేకపోతే తప్పిపోతాం అని కేకేసేవాళ్ళు. ఈసారి మా ఇల్లు వచ్చేసరికి పాట ఆపారు. ఇల్లు దాటాక మళ్ళీ అందుకున్నారు. గెబ్‌హార్డ్ కిటికీలో టమాటా నారుకు నీళ్ళు పోస్తున్నాడు. అవసరమైన దానికంటే ఎక్కువే పోశాడు.

మే 13

జపమాల చెప్పాను. యాభై తొమ్మిది పూసలు. వేళ్ళు నడిచాయి, నేను నడవలేదు.

మే 30, గురువారం

దివ్యసత్ప్రసాద ఊరేగింపు. తెల్లవారకముందే వెళ్ళి వీధిలో పూలరేకులు పరిచాం. ఊరేగింపులో ఫాదర్ మీద పట్టే పందిరికి నాలుగు గుంజలు. ముందు ఎడమ గుంజ ఇరవై ఏళ్ళుగా గెబ్‌హార్డ్ పట్టేవాడు. ఈసారి పాల డెయిరీ ఆయన కొడుకు పట్టాడు. గెబ్‌హార్డ్ వెనక వరుసలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టోపీ పట్టుకుని నడిచాడు.

నేను మరియమ్మ పాట పాడాను. ఒక్క మాట తప్పలేదు.

జూన్ 8, శనివారం

ఈసారి చెప్పాను. దేవుడు క్షమించాడమ్మా, అది అయిపోయింది అన్నారు ఫాదర్. కానీ ఆ దెబ్బ మోస్తున్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళ సంగతి మీరే ఆలోచించుకోండి, నేను ఒత్తిడి చేయను అన్నారు.

ఇంటికి వచ్చి గెబ్‌హార్డ్‌తో చెప్పాను. పేపర్ మడిచి, తెలుసు అన్నాడు. ఆవిడ పడిన మర్నాడే వెళ్ళి ఆ చెట్టు చూశాడట. అవతలి వైపు గోడకు సున్నం కొట్టినట్టు మూల కూడా వదలకుండా పూశావు, ఇవతలి వైపు నీ బ్రష్ తగలనే లేదు అన్నాడు. మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకు అనలేదంటే, నువ్వే అంటావేమోనని చూశా అన్నాడు. తర్వాత సూప్ ఏదీ అని అడిగాడు.

శుక్రవారం సంఘం మీటింగ్‌లో అందరికీ చెబుతానన్నాను. వద్దు రోస్‌లీ అన్నాడు, రోస్విత అన్న నా పేరును ఇంట్లో అతను పిలిచే తీరు అది. నన్ను తిట్టడం వాళ్ళకు అలవాటే, నిన్ను తిట్టడం రాదు, నువ్వు నేర్పకు అన్నాడు.

జూన్ 15, ఉదయం

నిన్న సత్రం వెనక గదిలో మీటింగ్. నలభై మంది వచ్చారు. దారి గుర్తుల పని నుంచి గెబ్‌హార్డ్‌ని తప్పించాలని అధ్యక్షుడు ఒట్మార్ చదివాడు. చేతులెత్తమనేలోపు నేను లేచాను. నాది చిన్న గొంతు. ఎవరికీ వినపడలేదు. గట్టిగా చెప్పు రోస్విత, ఇది గుడి కాదు అన్నారు వెనకనుంచి ఎవరో. మళ్ళీ చెప్పాను. మోకాలు, బూడిద రంగు, గంట, చూడని రెండో వైపు, అన్నీ చెప్పాను.

గెబ్‌హార్డ్ లేచాడు. నా కోసం చెబుతోంది, నమ్మకండి అన్నాడు. ఊతకర్ర పట్టుకుని కుంటుకుంటూ నేనే పోయాను, ఆ పూట తను ఇంట్లో యాపిల్ కేక్ చేస్తోంది అన్నాడు. కేక్ సంగతి అతను చెప్పిన తీరుకి నాకే ఓవెన్ వాసన వచ్చింది.

ఒట్మార్ కళ్ళజోడు తీశాడు. రోస్విత అబద్ధమాడటం కళ్ళారా చూశాను, ఇక ఎప్పుడు పోయినా ఫరవాలేదు అన్నాడు. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. తర్వాత చేతులెత్తి గెబ్‌హార్డ్‌ని తీసేశారు.

తలుపు దగ్గర ఆడవాళ్ళు నన్ను కౌగిలించుకున్నారు. మొగుడి కోసం ఇంత చేసేవాళ్ళు ఎవరుంటారే అంది బేకరీ ఊర్సుల. నేను చెప్పింది నిజమే ఊర్సుల అన్నాను. తెలుసులేవే, తెలుసులే అని వీపు నిమిరింది.

దారిలో గెబ్‌హార్డ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోడు. ఆ చెయ్యి నాది కాదేమో అన్నట్టుంది.

జూన్ 16

ఎందుకలా చేశావని అడిగాను. నా పని ఎలాగూ పోయేదే, నీ పేరు కూడా ఎందుకు పోవాలి అన్నాడు. అంతే.

జూన్ 27, గురువారం

రెండు బస్సులు మారి, హార్మ్స్ గారు ఇంకా ఉంటున్న ఆస్పత్రికి వెళ్ళాను. చెప్పాను. ఆవిడ నమ్మింది. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, పైకి చేరకముందే పడిపోయాను కదండీ, అక్కడినుంచి ఏం కనిపిస్తుంది అని అడిగింది.

డాన్యూబ్ నది మిల్లు చుట్టూ తిరిగే చోటు చెప్పాను. గడ్డి కోసిన చారలు చెప్పాను. గాలి తేటగా ఉన్న రోజు దక్షిణాన తెల్లగా కనిపించే ఆల్ప్స్ చెప్పాను. ఇంకా అంది. ఇంకా చెప్పాను. మధ్యలో పెదవికి ఉప్పగా తగిలింది. అది ఏడుపని కాసేపటికి తెలిసింది. వచ్చే గురువారం మళ్ళీ రమ్మంది. మంచు పట్టిన ఉదయం ఎలా ఉంటుందో చెప్పాలట.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా పారేయకండి. ఎవరికీ చూపించకండి కూడా. ఆ రోజు నేను యాపిల్ కేక్ చేస్తున్నానని గెబ్‌హార్డ్ నలభై మందికి చెప్పాడు, అతని మాట పోకూడదు.