అమావాస్య నాడు ఇంట్లో కనబడిన తల్లి

రాయచూరు.
శిశుపాలన కేంద్రాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అమావాస్య నాడు తల్లి ఇంట్లో కనబడిన నేరానికి, రెండేళ్ల పాప స్ఫూర్తిని కేంద్రం నుంచి తొలగించిన ఉత్తర్వు రద్దు చేయుట గురించి.

గంజ్ బజారులో కిరాణా అంగడి నడుపుకునే పాండురంగయ్య అను నేను, పక్కింటి సుమంగళ తరఫున మనవి చేయునది ఏమనగా:

1. సదరు సుమంగళ మిరపకాయల గోదాములో తొడిమలు తీయును. భర్త లారీ మీద పోతే వారాల తరబడి రాడు. పనికి పోయే తల్లుల పిల్లలను సర్కారు ఖర్చుతో చూసుకునే తమ కేంద్రంలో బిడ్డను వదిలి పనికి పోవుచుండెను.

2. తమ ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి దయచేసిన దినం అమావాస్య. ఆ రోజు మా గంజ్‌లో తక్కెడ కదలదు, హమాలీ మూట ఎత్తడు. ఈ మూఢాచారం మానండని వర్తక సంఘంలో ఏళ్లుగా గొంతు చించుకుంటున్నది నేనే. ఎవరూ వినలేదు. అమావాస్యను లెక్కచేయక బయలుదేరిన తమ ఇన్‌స్పెక్టరు గారి అభ్యుదయ భావాలకు నమస్కారం.

3. సుమంగళ గుమ్మంలో నేను విన్నది విన్నట్లు:

"ఇంట్లనే ఉన్నవ్ గదమ్మా. మరి పని ఏంది?"

"ఇయ్యాల అమాస సార్. గంజ్ బంద్."

"అమాస గిమాస మా రూల్స్‌ల లేదు."

"ఐతారం మీరు ఇంట్ల ఉంటే మీ నౌకరీ తీసేస్తరా సార్?"

దీనికి జవాబు కాగితం మీద వచ్చింది: "తల్లి ఇంటివద్దనే యుండును. అనర్హురాలు."

4. ఇప్పుడు బిడ్డ ఇంట్లో ఉన్నది గనుక సుమంగళ పనికి పోలేదు. పనికి పోలేదు గనుక బిడ్డను చేర్చుకోరు. ఈ గానుగ తిప్పుతున్నది ఎవరో తమరే సెలవియ్యవలెను.

5. బిడ్డను వెంట తీసుకుపోరాదా అని తమ గుమాస్తా సలహా. తీసుకుపోయింది. ఘాటుకు పిల్ల దగ్గి దగ్గి ఊపిరాడక ఏడిస్తే గోదాము యజమాని జయరామయ్య చేతులు జోడించాడు: "అమ్మా, నీకు పుణ్యముంటది, పిల్లని తేవద్దు. సోమవారం దాంక చూస్త. ఆ మీద వేరేటోళ్లని పెట్టుకుంట." మంచివాడే. కానీ మంచితనం పిల్లలను చూసుకోదండీ, అందుకే కదా సర్కారును పెట్టుకున్నాం!

కావున జయరామయ్యను విచారించి, సోమవారంలోగా బిడ్డను తిరిగి చేర్చుకొనవలెను. ఇది దయ కాదు, హక్కు. అయినను అలవాటుకొద్దీ "దయచేసి" అనియు వ్రాయుచున్నాను. వీలైతే కోపగించుకోక చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్క కాగితం వరకు),
పాండురంగయ్య

తా.క.: అర్జీ తల్లే స్వయంగా తెచ్చి ఇవ్వాలట. సరే పొమ్మంటే సుమంగళ గడపలో నిలబడి అడుగుతోంది: "అన్నా, పని టైముల ఆఫీసుల కనబడితే, పనికి పోలేదని మళ్ల రాసుకుంటరేమో?" ఊరందరితో వాదించేవాణ్ని, ఈ ప్రశ్న మాత్రం తమకే వదిలేస్తున్నాను. జవాబు మీకు దొరికితే చెప్పండి సార్, ఆమె ఇంకా ఇక్కడే నిలబడి ఉంది, చంకలో పిల్లతో.