ఆ సీను వచ్చినప్పుడు

అక్కా,

జ్వరం తగ్గింది, పనిలోకి వెళ్తున్నాను, కంగారు పడొద్దని అమ్మతో చెప్పు.

మా సినిమా హాల్లో తల్లి పోయిన ఒక కుటుంబం కథ ఆడుతోంది. గుమ్మం దగ్గర నిలబడి ప్రేక్షకుల అభిప్రాయాల చీటీలు తీసుకోవడం నా పని. సినిమా అందరికీ నచ్చింది, ఒక్క సీను తప్ప. శవం ఇంట్లో ఉండగానే పిల్లలు పడీపడీ నవ్వుతారు. "చావింట్లో ఎవడైనా నవ్వుతాడా?" అని చీటీల నిండా తిట్లే. నిన్న ఒక ముసలమ్మ మాత్రం ఖాళీ చీటీ నా చేతిలో పెట్టి, "నవ్వుతారు నాయనా, నేనూ నవ్వాను" అనేసి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

నాన్న పోయిన రోజు గుర్తుందా? ఊరందరి కుర్చీలూ బాగుచేసే మనిషి, మనింటి కుర్చీకి మాత్రం "రేపు చేస్తాలే" అనేవాడు. ఏడుస్తూ వచ్చిన పెదనాన్న దానిమీద కూర్చుని, కుర్చీతో సహా కూలబడితే నువ్వూ నేనూ నవ్వు ఆపుకోలేకపోయాం. తలెత్తితే అమ్మ మనవైపే చూస్తోంది. ఇన్నేళ్ళలో ముగ్గురం ఆ మాట ఎత్తలేదు.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? నా స్వెట్టరు పంపు. బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. కార్డులో చోటు అయిపోతోంది. సినిమా అక్కడికొస్తే అమ్మని తీసుకెళ్ళు. ఆ సీను వచ్చినప్పుడు నువ్వు తెర చూడకు, అమ్మ మొహం చూడు. నవ్విందో లేదో ఒక్క ముక్క రాయి, చాలు.

తమ్ముడు