మామయ్యగారి గదిలో కుళాయి

అమ్మాయీ,

మీ మామయ్యగారు పోయిన రోజు నుంచి ఆయన గదిలోని వాష్‌బేసిన్ కుళాయిని ఎవరూ తుడవలేదు. తెల్లగా ఉప్పు పేరుకుంది. పాత కుళాయిలన్నీ మార్చమని అబ్బాయి చెప్పాడట, ఇవాళ ప్లంబర్ వస్తాడు. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వకు. అది పాడవలేదు, మురికి పట్టిందంతే.

నిమ్మచెక్కతో రుద్ది, కాసేపాగి కడుగు. మొదలు దగ్గర పాత టూత్‌బ్రష్ వాడు. ఇనప పీచు వద్దు, గీతలు పడితే ఇక మెరుపు రాదు. చివర పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. దానంతట అదే ఆరితే మళ్ళీ మచ్చలే.

కుళాయి మీద ఇంత మమకారమేమిటనుకోకు. మంచాన పడ్డాక ఆయన మెడ తిప్పలేకపోయారు కదా. గుమ్మం ఆయన తల వెనక, కుళాయి కళ్ళెదురుగా. లోపలికి ఎవరొచ్చినా అందులో చూసేవారు. నేను నోరు తెరవకముందే, "రండి టీచరమ్మా, ఇవాళ ఎంతమందికి గోడకుర్చీ వేశారు?" అనేవారు. "కోడలు పిల్ల పిల్లిలా వచ్చినా నాకు తెలిసిపోతుంది" అని నీ గురించి మురిసిపోయేవారు. ఎలా తెలిసేదో నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.

నేను బడి నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. నా కోసం చూడకుండా భోంచెయ్యి.

అత్తయ్య

తా.క. ప్లంబర్ సంగతి తెలియక మిగతా కుళాయిలన్నీ నిన్న నేనే తోమాను. గుడ్డ పట్టుకుని ఆ గది గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను. అదొక్కటే మిగిలింది.