పటంలో నీలం రంగు

శనివారం, రాత్రి

పిల్లలకు విజ్ఞాన సర్వస్వం కొందామని నాన్ననూ వాళ్లనూ తీసుకుని కర్నూలు వెళ్లొచ్చాను. బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను కాబట్టి ఆ పుస్తకం ఏం చెబితే వాళ్లకు అదే నిజం. పొద్దుట్నుంచీ ఆ భయం వదలడం లేదు.

అంగట్లో రెండు సెట్లు చూపించారు. డ్యాం కట్టకముందు అచ్చయిన పాతదాంట్లో, జిల్లా పటం మీద నాన్న వాళ్ల ఊరు ఉంది. కొత్తదాంట్లో ఆ చోటంతా నీలం రంగు.

"తాతా, మీ ఊరు యాడ?" అంది మా పెద్దది హారిక.

నాన్న ఆ నీలం మీద వేలు పెట్టాడు. "ఈడ. ఎండాకాలం నీళ్లు తగ్గితే మన గడప బయటపడతాది. ఏటా పోయి పసుపు పూసొస్తాం గదమ్మా."

"ఈడ నీళ్లే ఉండాయి తాతా."

నాన్న వేలు తీయలేదు. "కొత్తదే తీసుకోమ్మా, పిల్లోళ్లకు తప్పు నేర్పొద్దు" అన్నాడు నాతో.

కొత్తదే తెచ్చాను. 

రేపు పటాల పాఠం. రోజూలాగే నాన్న కూడా వచ్చి పిల్లల పక్కన కూర్చుంటాడు. ఆ నీలం చూపించి, ఇక్కడ ఏముందని హారికను అడగాలి. నీళ్లు అంటే, సరైన జవాబని చెప్పాలి.