పూజ, ప్రేమ్‌సింగ్ ఒక్కచోట ఉండాలని

జనగామలో ఉంటున్న పిట్టల యాదలక్ష్మి అనే నేను, కీర్తిశేషులు బుచ్చయ్య భార్యను, వయసు యాభై, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, చిల్పూరు వెంకటేశ్వరస్వామిని తలచుకొని ఇది రాస్తున్నాను. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో రిజిస్ట్రేషన్ ఆఫీసు మూసి ఉన్నా, సాక్షులుంటే వీలునామా చెల్లుతుందని వకీలు రఘునాథ్ గారు చెప్పారు.

1. మహబూబాబాద్ దగ్గరి తండాలో తల్లిదండ్రులు చనిపోయాక పూజను బాలల సంక్షేమ సమితి వాళ్లు పెంచమని నాకిచ్చారు. తమ్ముడు ప్రేమ్‌సింగ్‌ను భూపాలపల్లిలో మగపిల్లల హాస్టల్‌లో పెట్టారు. ఇద్దరినీ నా దగ్గరే ఉంచాలని ఆ సమితికి పెట్టిన అర్జీ ఇంకా తేలలేదు. పిల్లలను వీలునామాలో రాసివ్వడం కుదరదట. అందుకే, నేను లేకపోతే వాళ్లిద్దరినీ పక్కింటి రేణుకకు అప్పగించమని సమితిని వేడుకుంటున్నాను. ఆమె ఒప్పుకుంది. అర్జీ నడిపించే పని, ఈ వీలునామా అమలు బాధ్యత రఘునాథ్ గారివి. సమ్మెలో వకీళ్లు వేసిన ధర్నా టెంటులో కూర్చొని నినాదాల మధ్యే ఆ అర్జీ రాసిన మనిషి ఆయన.

2. కిందటి విచారణలో సమితి వాళ్లు ఏమడిగినా ప్రేమ్‌సింగ్ "మంచిగనే ఉన్న సార్" అన్నాడు. అదే రాసుకున్నారు. బయటికొచ్చాక అక్క చెవిలో లంబాడీలో ఏదో చెప్పి ఏడ్చాడు, అంతలోనే నవ్వాడు. ఏం చెప్పాడని అడిగితే పూజ, "గది మా ఇద్దరి ముచ్చట పెద్దమ్మా" అంది. అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. వాడిని వాడి ఇంటి భాషలో ఎవరూ అడగనే లేదు కదా! ఈసారి మార్కెట్లో కూరగాయలమ్మే లంబాడీ మనిషి సుక్కిని వెంట తీసుకుపోవాలి. "జర నన్ను పిలగాని పక్కన కూసోనియ్యుమను, ఎట్ల చెప్పడో చూస్త" అంది సుక్కి.

3. నా తమ్ముడు గోవర్ధన్, "ఎవలి పిల్లలకో ఇల్లు రాస్తవా? రేపు నిన్నెవలు చూస్తరక్కా?" అన్నాడు. ఇన్నాళ్లు ఎవరు చూశారో మాత్రం అడగలేదు. బాపు గొంగడి వాడికి.

4. ఇత్తడి దీపాలు రేణుకకు. ఆమె చర్చికి పోతుంది. ఈ కరెంటు కోతల్లో ఏ దేవుడి పేరున వెలిగించుకున్నా మంచిదే.

5. నా పేరిట ఉన్న ఇల్లు పూజకు, ప్రేమ్‌సింగ్‌కు సమానంగా. వాళ్లు పెద్దయ్యేదాకా రేణుక అందులో ఉండవచ్చు, అమ్మకూడదు. కేసు ఓడిపోయినా ఈ మాట మారదు. పద్దెనిమిది నిండాక ఆ గడప లోపల కలిసి ఉండడానికి వాళ్లు ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. మొదటి రోజు ఏం వండుకుంటారో!

2011 అక్టోబర్ 10, జనగామ.

(సంతకం) పిట్టల యాదలక్ష్మి

మా ఎదుట సంతకం చేసింది. సాక్షులు:
జోసెఫ్ (సంతకం)
ఉప్పలమ్మ (వేలిముద్ర)