బొమ్మ లారీకి గ్యారంటీ

చోడవరం, అక్టోబరు 1974

విశాఖపట్నం శిక్షణ యంత్రాల కంపెనీ మేనేజరు లక్ష్మీనరసింహం గారికి, చోడవరం డ్రైవింగు స్కూలు పరదేశి నమస్కారాలు.

మీరమ్మిన బొమ్మ లారీకి బ్రేకు తొక్కితే మళ్లీ పైకి రావడం లేదు. కదలని లారీకి బ్రేకెందుకని నవ్వకండి. దాని మీద చెయ్యి తిరిగాకే కుర్రాళ్లను అసలు లారీ ఎక్కిస్తాను. చెరకు సీజనులోగా వీళ్లకు లైసెన్సులు రాకపోతే అందరూ అనకాపల్లి స్కూలుకు పోతారు, నేను తాళం వేసుకోవాలి. పనిరోజుల్లో బండి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని మీరు రాసిచ్చారు.

ఇట్లు, ఆ మాట నమ్ముకున్న పరదేశి

తా.క.: హారను మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ప్రస్తుతం అదే నేర్పుతున్నాను.

విశాఖపట్నం

శ్రీ పరదేశి గారికి,

మాకున్న ఒకే ఒక్క మెకానిక్కు గణపతిరావును విడిభాగాలతో పంపుతున్నాం. యంత్రం తృప్తిగా పనిచేసేదాకా అక్కడే ఉంటాడు. ఒప్పందం ప్రకారం భోజనం, బస మీవే.

భవదీయుడు, లక్ష్మీనరసింహం

తా.క.: అతనికి వంకాయ పడదు.

చోడవరం

లక్ష్మీనరసింహం గారికి నమస్కారాలు.

గణపతిరావు వచ్చిన పూటే బ్రేకు బాగుచేశాడు. కానీ సీటు దిగడం లేదు. "ఉండండి బాబూ, ఇంకా సూస్తన్నాను" అంటూ పొద్దస్తమానం గేర్లు మారుస్తున్నాడు. కుర్రాళ్లు అరుగెక్కి చూస్తున్నారు. మా ఇంట్లో అన్నం తింటున్న మనిషిని దిగమనడానికి నాకు నోరు రాదు. మీరే ఒక మాట రాయండి.

ఇట్లు, మొహమాటస్థుడు పరదేశి

తా.క.: "పాపం, ఎంత కష్టపడతన్నాడో" అని మా ఆవిడ అచ్చియ్యమ్మ రోజూ మాడుగుల హల్వా పెడుతోంది. ఇక దిగినట్టే.

విశాఖపట్నం

శ్రీ పరదేశి గారికి,

మెకానిక్కు ఇన్నాళ్లూ సీటు దిగలేదంటే యంత్రం జబ్బు ముదిరిందని గ్రహించాం. మాటంటే మాటే. రెండో యంత్రాన్ని లారీలో పంపుతున్నాం.

భవదీయుడు, లక్ష్మీనరసింహం

తా.క.: ఇప్పుడే గణపతిరావు రాజీనామా అందింది. లైసెన్సు తెచ్చుకుని లారీ డ్రైవరుగా చేరాడట! ఇకమీద అతను బయటివాడు. బయటివాళ్లు చెయ్యి వేస్తే మా గ్యారంటీ చెల్లదు.

చోడవరం

లక్ష్మీనరసింహం గారికి,

రెండో బండి వచ్చింది. తెచ్చిన లారీ డ్రైవరు గణపతిరావే. ముందుకు చక్కగా నడిపాడు. బొమ్మ లారీకి వెనక ఏమీ ఉండదు కదా, ఆ అలవాటున రివర్సులో వెనక్కి చూడకుండా వచ్చి మొదటి బండిని గుద్దాడు. ఆ కుదుపుకి రెండోది లారీ మీంచి కింద పడింది. కుర్రాళ్లు అనకాపల్లి బస్సు కోసం నిలబడ్డారు. నాకు ఏడుపొస్తోంది. వెంటనే మెకానిక్కును పంపండి.

ఇట్లు, పరదేశి

తా.క.: గణపతిరావు పనిముట్లు పట్టుకుని ఇక్కడే ఉన్నాడు. "ఒక్క గంటలో బాగుసేసెత్తాను, ముట్టుకోనియ్యండి బాబూ" అని బతిమాలుతున్నాడు. మీ గ్యారంటీ పోతుందని నేనే అడ్డంగా కూర్చున్నాను.